అమ్మాయి అగ్నిపర్వతం ఎక్కుతానంటే...

మొన్న ఆదివారం మా అక్కావాళ్లింట్లో పెద్ద రభసే జరిగింది. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అక్క కూతురు ఫోన్ చేసి, స్నేహితురాళ్లు నలుగురం కలిసి ఇండోనేషియా పోతున్నామనీ, బాలి చూసుకుని రెండు అగ్నిపర్వతాలు కూడా ఎక్కి వస్తామనీ చెప్పింది. బాలి వరకు మా బావకు అభ్యంతరం లేదు. ఆయన స్నేహితుడి కొడుకూ కోడలూ పెళ్లయిన కొత్తలో పోయొచ్చి ఫోటోలు చూపించారు కూడా. అగ్నిపర్వతం అనేసరికి మాత్రం ఆయన చేతిలో టీ గ్లాసు అట్లే ఆగిపోయింది.

"ఏందీ, మండే కొండ మీదికా? బుద్ధుందా నీకు? పెండ్లి కావాల్సిన పిల్లవి."

"అదిప్పుడు మండడం ల్యా నాయనా. నిద్రపోతాంది."

"నిద్రపోయేది లేస్తే?"

పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ అందుకుంది. "కొండే ఎక్కాలనుంటే తిరపతి కొండ ల్యాదా? స్వామి దర్శనం కూడా అయితాది" అని.

చివరకు ఫోన్ నా చేతికొచ్చింది. "చిన్నమ్మా, నువ్వన్నా చెప్పు. నీ కతల్లో ఆడపిల్లల్ని యాడికంటే ఆడికి పంపిస్తావే" అంది ఆ పిల్ల. నిజంగా నాకు జవాబు తోచలేదు. కథలో పంపించడం వేరు, కన్నకూతురు లాంటి పిల్లను పంపించడం వేరు. "రెండ్రోజులు ఆగు పాపా, నేను కొంచెం తెలుసుకుని చెప్తా" అని పెట్టేశాను. రెండ్రోజులన్నది రెండు వారాలయింది. వంటిల్లు సర్దుకున్నాక, మధ్యాహ్నం పూట, రాత్రి పదయ్యాక, దొరికిందల్లా చదువుతూ కూర్చున్నాను. ఈ ప్రశ్న మా ఒక్క ఇంటిది కాదని తెలిశాక ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఒకప్పుడు విదేశీ ప్రయాణం అంటే అమెరికాలో కూతురి పురుడుకు వెళ్లడం. లేదంటే మా రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పనికి పోవడం. ఇప్పుడు పాతికేళ్ల పిల్లలు సొంత జీతంతో, సొంత సెలవుతో, చూడ్డానికే పోతున్నారు. ఈమధ్య ఏళ్లలో బాలికి వెళ్లే విదేశీయుల్లో ఆస్ట్రేలియావాళ్ల తర్వాత మన దేశంవాళ్లే ఎక్కువ. సముద్రం, గుళ్లు చూడ్డంతో ఆగకుండా, అర్ధరాత్రి లేచి కొండెక్కి సూర్యోదయం చూడ్డం కూడా ఇప్పుడు ప్యాకేజీలో భాగమయింది. ఆ కొండేమో అగ్నిపర్వతం. టిఫిను, జీపు, గైడు అన్నీ కలిపి ఒకే రేటు.

మనకు తెలియని కొండ

మనకు పాము గురించి పెద్దలు చెప్పారు. పిడుగు పడేటప్పుడు చెట్టు కింద నిలబడొద్దని చెప్పారు. పాడుబడిన బావిలోకి దిగే ముందు దీపం దించి చూడమని చెప్పారు. అగ్నిపర్వతం గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్లు చూసింది లేదు. మన దేశం మొత్తానికి నిప్పు కక్కుతున్నది ఒక్కటే, అండమాన్‌లో బారెన్ దీవి. అక్కడ మనుషులు ఉండరు. చూడాలన్నా ఓడలోంచి చూడాల్సిందే. అది 2025 సెప్టెంబర్లో కూడా కొంచెం కక్కింది. మనలో ఎంతమంది ఆ వార్త చదివాం?

ఆ ఏడాదే నవంబర్ 23న ఇథియోపియాలో హేలీ గుబ్బీ అనే అగ్నిపర్వతం పేలింది. అది పేలినట్టు చరిత్రలో ఎక్కడా రాసి లేదు. వేల ఏళ్లుగా పడుకున్న కొండ. దాని బూడిద అరేబియా సముద్రం దాటి, మర్నాటికల్లా గుజరాత్, రాజస్థాన్, ఢిల్లీ మీదికి వచ్చింది. విమానాలు రద్దు చేశారు. మా బావ అడిగిన 'నిద్రపోయేది లేస్తే?' అన్న ప్రశ్న మరీ నవ్వి తీసేసేదేం కాదన్నమాట.

ఒక తమాషా సంగతి కూడా తెలిసింది. మా ఒంటిమిట్ట నుంచి రాజంపేట దాటి కోడూరు దారి పడితే మంగంపేట వస్తుంది. ముగ్గురాయి గనులు. బెరైటీస్ అంటారు ఇంగ్లీషులో. ఒక్కచోట అంత ముగ్గురాయి ఉన్న తావులు ప్రపంచంలోనే బహు అరుదు. నూరు కోట్ల ఏళ్లకు పూర్వం ఇక్కడ సముద్రం ఉండేదనీ, దాని అడుగున జరిగిన అగ్నిపర్వత చర్య వల్లే ఈ రాయి పుట్టిందనీ చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. రాయి పొరల్లో అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన ఆనవాళ్లు ఉన్నాయట. పులివెందుల, వేంపల్లె వైపు కూడా లావా గడ్డకట్టిన రాళ్లున్నాయి. ఈ సంగతి మా అమ్మతో చెబితే "అయితే మనం రోజూ తొక్కుతాండేది అదేనా?" అని ఆశ్చర్యపోయింది. మన కొండ చల్లారి అన్ని కోట్ల ఏళ్లయింది కాబట్టి తొక్కుతున్నాం. అక్కడివి చల్లారలేదు.

అసలది ఎట్లా పేలుతుంది? సినిమాల్లో చూపించే ఎర్రటి లావా ప్రవాహం కంటే కొండెక్కేవాళ్లకు ప్రమాదమైనది ఇంకొకటి ఉంది. కొండ లోపల వాననీరు ఇంకి ఉంటుంది. కింద రాయి కాగుతూ ఉంటుంది. ఆ నీరు ఆవిరవుతుంది, బయటికి దారి ఉన్నంతసేపు పొగలాగా పోతుంది. దారి మూసుకుపోయిందో, మన ప్రెషర్ కుక్కర్‌కు విజిల్ అడ్డంపడి సేఫ్టీ వాల్వ్ కూడా పనిచేయకపోతే ఏమవుతుందో అదే అవుతుంది. మూత ఎగిరిపోతుంది. ఇక్కడ మూత అంటే కొండ రాళ్లు. ఇందులో కిందినుంచి లావా పైకి రావాల్సిన పని లేదు. అందుకని భూమి పెద్దగా వణకదు, పరికరాలు ముందుగా చెప్పడమూ కష్టం.

2014 సెప్టెంబర్ 27న జపాన్‌లో ఒంతాకే కొండ మీద జరిగింది ఇదే. శనివారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. ఆకులు రంగులు మారే కాలం. ఆఫీసులకు సెలవు. కుటుంబాలతో వచ్చినవాళ్లు శిఖరం మీద కూర్చుని క్యారియర్లు విప్పుకునే వేళ. 58 మంది చనిపోయారు, ఇంకో ఐదుగురి ఆచూకీ ఈనాటికీ లేదు. ఆ రోజు ఆ కొండకు ప్రమాద హెచ్చరిక ఎంతో తెలుసా? ఒకటో స్థాయి. ఉన్నవాటిలో అన్నిటికంటే తక్కువ. ఆ ఒకటో స్థాయి పక్కన వాళ్ల భాషలో 'మామూలు' అని రాసి ఉండేది. తర్వాతి ఏడాది ఆ మాట తీసేసి, 'ఇది జీవమున్న అగ్నిపర్వతమని గుర్తుంచుకోండి' అనే అర్థం వచ్చే మాట పెట్టారు. మాటలతో పనిచేసేదాన్ని కాబట్టి నాకు ఇది బాగా తగిలింది. ఆ 'మామూలు' అన్న మాట చూసి ఎంతమంది పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారో!

ఇక న్యూజిలాండ్ సంగతి ఇంకో రకం. వకారీ అనే దీవి. దీవి మొత్తం అగ్నిపర్వతమే. పడవలో తీసుకుపోయి, నెత్తికి హెల్మెట్ పెట్టి, నోటికి మాస్కు ఇచ్చి, పొగలు వచ్చే గుంట దాకా నడిపించి తీసుకొచ్చేవారు. 2019 నవంబర్ 18న అక్కడి శాస్త్రవేత్తలు హెచ్చరికను రెండో స్థాయికి పెంచారు. ప్రయాణాలు ఆగలేదు. డిసెంబర్ 9న పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు. 22 మంది చనిపోయారు. బతికినవాళ్లలో చాలామంది ఒళ్లు కాలి ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. విహార నౌకలో వచ్చిన టూరిస్టులే ఎక్కువ. నౌకలో టిక్కెట్టు కొనుక్కుని, ఒక పూట సరదాగా చూసొద్దామని దిగినవాళ్లు. తర్వాత కోర్టు కేసులు నడిచాయి. టూర్లు నడిపినవాళ్లకు జరిమానాలు పడ్డాయి. దీవి యాజమాన్య సంస్థ మీద 2023లో నేరం రుజువైందన్నారు, 2025లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. దీవిలో నడిచే బాధ్యత ఎవరిది, భూమి ఇచ్చినవాళ్లదా, తీసుకుపోయినవాళ్లదా అని న్యాయమూర్తులకే ఇన్నేళ్లు పట్టింది. ఒక పూట టిక్కెట్టు కొన్న మనిషికి అంత తర్కం ఎక్కడ తెలుస్తుంది? ఇక్కడ జనం ధైర్యం ఎక్కువై చావలేదు. ఎంత ప్రమాదమో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు లేక పోయారు.

మూడోది మన పాప వెళ్లబోయే దేశంలోనే. సుమత్రా దీవిలో మరాపి. 2023 డిసెంబర్ 3, ఆదివారం. కొండ మీద 75 మంది ఉన్నారు, ఎక్కువమంది చుట్టుపక్కల చదువుకునే కుర్రవాళ్లూ అమ్మాయిలూ. 24 మంది చనిపోయారు. అప్పటికి ఈ మరాపి 2011 నుంచీ రెండో స్థాయి హెచ్చరికలోనే ఉండింది. బిలానికి మూడు కిలోమీటర్ల లోపలికి ఎవరూ పోవద్దని అగ్నిపర్వతాల శాఖవారు చెబుతూనే ఉండేవారు. అయినా అప్పట్లో కొండెక్కడానికి బుకింగు నడిచింది, టిక్కెట్లు ఇస్తూనే ఉండేవారు. ఒక శాఖ వద్దంటే ఇంకో శాఖ రమ్మంటుంది. ఈ భాగోతం మనకు కొత్తేం కాదు. వాగులో ఇల్లు కట్టొద్దని ఒక ఆఫీసు బోర్డు పెడుతుంది, ఆ ఇంటికే ఇంకో ఆఫీసు కరెంటు ఇస్తుంది.

పేలకపోయినా...

ఇవన్నీ చదివాక నేను కూడా బావ పక్షమే చేరిపోయేదాన్ని. అయితే 2025 జూన్‌లో జరిగిన ఒక సంగతి నా ఆలోచనను ఇంకో వైపు తిప్పింది. బాలి పక్కన లొంబోక్ దీవిలో రింజాని అని 3,726 మీటర్ల కొండ ఉంది. పాపావాళ్ల పట్టికలో రెండోది అదే. బ్రెజిల్ నుంచి ఒంటరిగా ఆసియా చూడ్డానికి బయల్దేరిన ఒక 26 ఏళ్ల అమ్మాయి, గైడుతో, ఇంకొందరితో కలిసి ఆ కొండ ఎక్కింది. జూన్ 21న తెల్లవారుజామున దారి పక్కనుంచి లోయలోకి జారిపోయింది. అలసిపోయానంటే, ఇక్కడ కూర్చో అని చెప్పి గైడు మిగతావాళ్లతో కొంత ముందుకు సాగాడనీ, తిరిగొచ్చి చూస్తే ఆమె లేదనీ వార్తలు వచ్చాయి. పడినాక కూడా ఆమె ప్రాణంతో ఉన్నట్టు పైన ఎగిరిన డ్రోన్‌లో కనిపించింది. మబ్బులు, ఏటవాలు, జారే మట్టి. ఆమె దగ్గరికి చేరేసరికి ప్రాణం పోయింది. జూన్ 25న దేహాన్ని పైకి తెచ్చారు.

ఆ రోజు కొండ పేలలేదు. నిప్పు లేదు, బూడిద లేదు. అగ్నిపర్వతం ఏటవాలుగా, వదులు మట్టితో ఉంటుంది కాబట్టి కాలు నిలవదు, అంతే. ఆ చీకట్లో అలసిపోయిన మనిషి పక్కన ఇంకో మనిషి ఉండి ఉంటే? ఆ ఇంట్లో తల్లిదండ్రులు ఎన్ని వందల సార్లు ఈ మాట అనుకుని ఉంటారో. ఆ తర్వాత అక్కడ నిబంధనలు కట్టుదిట్టం చేశారు. ఎవరో ఒకరు పోయాక మాత్రమే నిబంధనలు పుట్టడం అన్ని దేశాల్లోనూ ఒకటే తీరు.

మనవాళ్ల సంగతి చూద్దాం. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊళ్లో వ్యవసాయ కూలీల కూతురు మాలావత్ పూర్ణ. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. అది అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆమె ఆఫ్రికాలో కిలిమంజారో, రష్యాలో ఎల్‌బ్రుస్ కూడా ఎక్కింది. ఆ రెండూ అగ్నిపర్వతాలే, ఇప్పుడు నిద్రలో ఉన్నవి. 2022 జూన్‌లో అమెరికాలో దెనాలి ఎక్కడంతో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తయ్యాయి. ఆమె గురించి రాసేవాళ్లు ధైర్యం ధైర్యం అంటారు. నాకు కనిపించేది దాని వెనకున్న ఏర్పాటు. గురుకుల పాఠశాల పంపించింది. భువనగిరి కొండ మీద రాళ్లెక్కడం నేర్పారు, డార్జిలింగ్ తీసుకుపోయారు, లడాఖ్ చలిలో ఉంచి అలవాటు చేశారు. కోచ్ శేఖర్ బాబు లాంటి తెలిసిన మనిషి వెంట ఉన్నాడు. కూలి చేసుకునే అమ్మానాన్నలు సరే అనడానికి ఇన్ని అండలు కావలసి వచ్చాయి. మన మధ్యతరగతి ఇళ్ల పిల్లలు ఒక ఏజెంటుకు డబ్బు కట్టేసి, కొత్త బూట్లు కొనుక్కుని బయల్దేరుతున్నారు.

నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం ఊరివాడు మల్లి మస్తాన్ బాబు మాట కూడా చెప్పుకోవాలి. ఐఐటి, ఐఐఎం చదివి, ఉద్యోగం వదిలి కొండలకే అంకితమైనవాడు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడు. అంతటి నేర్పున్న మనిషి 2015 మార్చిలో చిలీ, అర్జెంటీనా సరిహద్దులో త్రెస్ క్రూసెస్ అనే కొండల గుంపు మీద ఒంటరిగా ఎక్కుతూ తుఫానులో చిక్కుకున్నాడు. అదీ అగ్నిపర్వతాల వరుసే. ఏప్రిల్ మొదట్లో దేహం దొరికింది. ఊరికి చేరేసరికి ఆ నెల చివరయింది. ఇంత నేర్పున్నవాడికే పక్కన మనిషి లేకుండా పోయాడు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. 2018లో మన ఏడేళ్ల బాబు కిలిమంజారో ఎక్కాడని, 2021లో ఎనిమిదేళ్ల బాబు ఎల్‌బ్రుస్ ఎక్కాడని పేపర్లో చూసి మురిసిపోయాం. కిలిమంజారోకు పదేళ్ల లోపు పిల్లలను మామూలుగా పైకి పోనివ్వరు, ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. అంత ఎత్తులో గాలి పలచబడి తలనొప్పి, వాంతులు మొదలైతే పెద్దవాళ్లయినా "ఇంక నావల్ల కాదు" అని దిగిపోవాలి. ఏడేళ్ల బిడ్డ, కెమెరా పట్టుకున్న నాన్న ముందు, ఆ మాట అనగలడా? పాతికేళ్ల కూతురు సొంత కాళ్ల మీద కొండెక్కుతానంటే ఉలిక్కిపడే మనమే, ఏడేళ్ల పిల్లవాడిని రికార్డు కోసం ఎక్కిస్తే చప్పట్లు కొడతాం. నాకైతే ఇది తలకిందుల వ్యవహారంగా ఉంది.

భయం ఎవరికి?

అక్కడికి వస్తే, ప్రమాదం మన గడపలో లేదా? 2025 శివరాత్రికి ముందు, మాకు దగ్గర్లోని ఓబులవారిపల్లె మండలం గుండాలకోన అడవిలో నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకుపోయింది. ఆ తర్వాత ఏం చేశారు? నడకదారి మూసేయలేదు. మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లలను నడవనివ్వకుండా వేళలు పెట్టారు, గుంపులుగా పొమ్మన్నారు, చేతికి కర్రలిచ్చారు, కెమెరాలు పెట్టారు. కొండకు పోవద్దని మన ఇళ్లల్లో ఎవరన్నా అన్నారా? మా అమ్మే అనలేదు కదా, ఇప్పుడు కూడా తిరుపతి కొండకు పొమ్మంటోంది.

ఇంకా సూటిగా చెప్పాలంటే, మా వైపు నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్‌కు ఇంటిపనికి పోలేదు? భాష రాదు, చేతిలో పాస్‌పోర్టు ఉంటుందో ఉండదో తెలియదు, ఇంటి తలుపు లోపలినుంచా బయటినుంచా గడియపడేదీ తెలియదు. వాళ్లు పంపిన డబ్బుతో మేడలు లేచాయి, అప్పులు తీరాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాయి. పంపించేటప్పుడు ఏ బావా టీ గ్లాసు పట్టుకుని అట్లే ఆగిపోలేదు. ఇంటికి పనికొచ్చే ప్రమాదం అయితే ఆడది తట్టుకోగలదు. తన సంతోషం కోసం పడే ప్రమాదమైతే మాత్రం "పెండ్లి కావాల్సిన పిల్ల" అవుతుంది. ఈ మాట బావతో అంటే ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "అది కడుపు కోసం పోయేది" అన్నాడు. నిజమే. కానీ కొండ దానికీ దీనికీ తేడా చూడదు కదా.

ఇదే సందర్భంలో ఇంకో సంగతి. అగ్నిపర్వతం నీడలో బతికేవాళ్లు దాన్ని ఎట్లా చూస్తారో తెలుసుకుంటే మన భయం కొంచెం దారిలో పడుతుంది. బాలిలో అగుంగ్ కొండ వాళ్లకు దేవుడి చోటు. దాని వాలులోనే బెసాకి గుడి ఉంది, మనకు తిరుమల ఎట్లాగో వాళ్లకది అట్లాగ. 1963లో ఆ కొండే పేలి వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2017 నవంబర్లో మళ్లీ కక్కి విమానాశ్రయం మూయించింది. అయినా వాళ్లు అక్కడే వరి పండిస్తారు. గుడిలో పెద్ద ఉత్సవాలప్పుడు ఆ కొండ ఎక్కనివ్వరు. రింజానిని ఏటా వానాకాలంలో, జనవరి నుంచి మార్చి దాకా మూసేస్తారు. కొండతో కలిసి బతకడానికి వాళ్లకో పద్ధతి ఉంది. మనకు లేనిది ఆ పద్ధతి. మన ఊరి రాముడి కల్యాణం పండు వెన్నెల్లో రాత్రిపూట జరుగుతుంది. అన్నిచోట్లా పగలు చేస్తే ఇక్కడ రాత్రి ఏంటని బయటివాళ్లు అడుగుతారు. మనకు అదే పద్ధతి.

సరే, ఇంతకీ పాపకు నేనేం చెప్పాను? వద్దని చెప్పలేదు. పో అనీ చెప్పలేదు. "నువ్వు డబ్బు కట్టే ముందు ఆ ఏజెంటును కొన్ని అడగాలి, ఆ జవాబులు నాకు పంపించు" అన్నాను.

ఇండోనేషియాలో అగ్నిపర్వతాలకు నాలుగు స్థాయిలు పెట్టారు. నార్మల్, వస్పద, సియగ, అవస్. వస్పద అంటే జాగ్రత్త, సియగ అంటే సిద్ధంగా ఉండు, అవస్ అంటే ఆపద. ఏ కొండ ఏ స్థాయిలో ఉందో ప్రభుత్వమే రోజూ ప్రకటిస్తుంది. ఏజెంటు నోటిమాట మీద కాకుండా అక్కడే చూసుకోవాలి. ఎక్కే రోజు పొద్దున మళ్లీ చూసుకోవాలి. స్థాయి పెరిగితే డబ్బు వాపసిస్తారా అన్నది ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, 'డబ్బు పోతుందే' అన్న బాధతోనే చాలామంది వెనక్కి తిరగరు. మన పట్టుచీర సంగతే చూడండి, కొన్నాక రంగు నచ్చకపోయినా కట్టుకుంటాం.

తర్వాత బీమా. ప్రయాణపు బీమా చేయించాం కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఆ కాగితంలో చిన్నక్షరాలు చదవాలి. కొండలెక్కడం లాంటి సాహసాలకు వర్తించదని చాలావాటిలో ఉంటుంది. కొన్నిటిలో ఇన్ని మీటర్ల ఎత్తు దాకానే అని ఉంటుంది. కొండమీదినుంచి దించే ఖర్చు ఎవరిదో అడగాలి. బాలిలో మన దేశపు కాన్సులేట్ ఉంది, ఆ నంబరు ఫోన్లోనే కాకుండా కాగితం మీద కూడా రాసుకోవాలి.

పొగ వచ్చే చోట గంధకపు గాలి ఉంటుంది. పల్లపు గుంటల్లో ప్రాణం తీసే గాలి నిలిచి ఉంటుంది, మన పాడుబావుల్లో లాగానే. అవ్వ చెప్పిన దీపం పాఠం అక్కడా పనికొస్తుంది. ఫోటో కోసం గుంటలోకి దిగకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లోనే డాక్టర్ని అడిగి పోవాలి. నెలసరి రోజుల్లో పడితే తారీఖు మార్చుకోవడానికి మొహమాటపడొద్దని కూడా చెప్పాను. ఈ ఒక్క మాట మగవాళ్లు రాసిన ఏ గైడు పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

అన్నిటికంటే ముఖ్యంగా ఒకటి అడగమన్నాను. మధ్యలో ఒకరికి చేతకాక ఆగిపోతే వాళ్లతో ఎవరుంటారు? ఎంతమందికి ఎంతమంది గైడ్లు?

వారం తర్వాత పాప జవాబులు పంపింది. బాలిలో వాళ్లు ఎక్కాలనుకున్నది బాతుర్ అనే 1,717 మీటర్ల కొండ. చివరిసారి అది కక్కింది 2000లో. తెల్లవారుజామున బయల్దేరితే రెండు గంటల్లో పైన ఉంటారు. స్థానిక గైడు తప్పనిసరి. పైన రాళ్ల సందుల్లోంచి వచ్చే ఆవిరిలో గుడ్లు ఉడికించి పెడతారట. ఈ మాట వినగానే మా అమ్మ ఆసక్తిగా ముందుకు జరిగి "ఎంతసేపట్లో ఉడుకుతాయంట?" అంది. ఇంట్లో అప్పటిదాకా ఉన్న బిగువు కొంచెం సడలింది.

రింజాని విషయంలో ఏజెంటు స్థాయి గురించి చెప్పాడు, బీమా గురించి చెప్పాడు, డబ్బు వాపసు గురించి కూడా చెప్పాడు. చివరి ప్రశ్నకు మాత్రం "ఏం భయం లేదు మేడమ్, అందరూ ఎక్కుతారు" అని రాశాడు. పాప మళ్లీ అడిగింది. మళ్లీ అదే రాశాడు. మూడోసారి అడిగితే జవాబే రాలేదు.

"వదిలేశాం చిన్నమ్మా. ఈసారికి బాతుర్ ఒక్కటే" అంది ఫోన్లో.

"స్నేహితురాళ్లు ఏమన్నారు?"

"ఒకామె అలిగింది. ఇన్ని ప్రశ్నలడిగితే ఇంట్లోనే కూర్చోవాల్సిందే అంది. కానీ తర్వాత తనే ఇంకో ఏజెంటును వెతికింది. ఆయన బాతుర్‌కు నలుగురికీ ఇద్దరు గైడ్లని, ఒకరు ఆగితే ఒక గైడు ఆమెతోనే ఉండి కిందికి తెస్తాడని రాసిచ్చాడు."

ఆ కాగితాన్ని బావ రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "వాళ్ల దాంట్లో ఆ స్థాయి ఏదో చూసేది, అది నా ఫోన్లో కూడా పెట్టియ్యి. ఆ పొద్దు నేనూ చూస్తా" అన్నాడు నాతో.